పోలీసు అమరుల సమాధులు, ఊరి శ్మశానం: రాయలసీమలో ఏడాది పొడవునా చూసుకోవడం ఎలా?

పోలీసు అమరవీరుల దినమైన అక్టోబర్ 21న సమాధి మీద పూలదండ వేయడానికి పదిమంది దొరుకుతారు. ఆగస్టులో దాని పక్కన మొలిచిన కంపను తీయడానికి ఒక్కరూ దొరకరు. అందుకే ఇక్కడ ఎక్కువ భాగం ఆ రెండో పనికే పోయింది. కర్నూలు, అనంతపురం, కడప ప్రాంతాల నేల, బండ, నీళ్లు ఎలా ఉంటాయో దృష్టిలో పెట్టుకుని రాసింది ఇది. కోస్తాలో గానీ తెలంగాణలో గానీ కొన్ని సంగతులు మారతాయి.

ముందు అడగాల్సినవాళ్లు

స్థలం సంఘానిది, సమాధి కుటుంబానిది. రెండు వైపులా మాట తీసుకోండి. ఊరి శ్మశానమైతే పంచాయతీ కార్యదర్శి, పట్టణమైతే మున్సిపల్ కమిషనర్, ఖబరస్తాన్ అయితే ముతవల్లి (దాని బాగోగులు చూసే పెద్ద), చర్చి సమాధుల తోటైతే పాస్టరేట్ కమిటీ లేదా విచారణ గురువు. అర్జీ ఒక పేజీ చాలు: ఏ తేదీన, ఎంతమంది, ఏ పని చేస్తారు, ఏ పని చేయరు. 'చేయరు' అన్న భాగం రాయడం మరిచిపోవద్దు. సమాధులు కదిలిస్తారేమో, కొత్తగా గుడో గోడో కడతారేమో అన్న భయం పెద్దలకు మొదట ఉంటుంది.

హద్దులు తెలియకుండా చెట్లు కొట్టడం మొదలుపెట్టకండి. శ్మశానం ఏ సర్వే నంబరులో ఉందో అడంగల్‌లో చూడండి, ఎఫ్ఎంబీ (హద్దుల కొలతలుండే సర్వే పటం) నకలు తీసుకోండి, గ్రామ సచివాలయంలో ఉండే సర్వేయర్‌తో హద్దు రాళ్లు చూపించుకోండి. పక్క పొలం వాళ్లు రెండు సాళ్లు లోపలికి దున్నుకుని ఉంటే అక్కడికక్కడే గొడవకు దిగవద్దు. ఫోటోలు, ఎఫ్ఎంబీ జతచేసి తహసీల్దారుకు రాతపూర్వకంగా ఇవ్వండి. పోరంబోకు భూమిలో ఆక్రమణ తీయించే అధికారం 1905 నాటి భూ ఆక్రమణల చట్టం కింద రెవెన్యూ వాళ్లదే.

కొన్ని చోట్ల మంచి మనసుతో కూడా చెయ్యి పెట్టకూడదు. కర్నూలులో అబ్దుల్ వహాబ్ సమాధి, గుత్తి కొండ మీది కోట కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. అలాంటి కట్టడానికి 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణం నిషేధం, ఆపై మరో 200 మీటర్ల వరకు అనుమతి తప్పనిసరి. గుత్తి కోట కింద పాత ఇంగ్లీషు సమాధులున్నాయి. 1827లో పత్తికొండ దగ్గర కలరాతో చనిపోయిన థామస్ మన్రోను మొదట పూడ్చింది అక్కడే, తర్వాత మద్రాసుకు తరలించారు. అంత పాత రాళ్లు కనిపిస్తే ఫోటో తీసుకోండి, గడ్డి పీకడం దగ్గరే ఆగండి, కడగడం జోలికి పోవద్దు.

పుస్తకం, ఫోటోలు

పని మొదలుకాకముందే ఒక గట్టి అట్ట రిజిస్టరు పెట్టండి. గేటు దగ్గర మొదలుపెట్టి వరుసలకు నంబర్లు ఇవ్వండి: మూడో వరుసలో ఏడోది అయితే 3/7. నంబరు కాగితం మీదే ఉండాలి, సమాధి మీద పెయింటుతో వేయకూడదు. ఒక్కో సమాధికి రాయి మీద ఉన్నది ఉన్నట్టు పేరు, తేదీలు, రాయి రకం, పగుళ్లు, కుటుంబంలో ఎవరిని అడగాలో రాయండి. తప్పు అక్షరం చెక్కి ఉన్నా అదే రాసి, పక్కన సరైనది వేరుగా రాయండి. ఉర్దూ ఫలకాలను ఊహించి చదవకుండా, చదవగలిగినవాళ్లను వెంట పెట్టుకోండి.

అరిగిన అక్షరాలు కనిపించడానికి చాలామంది సుద్దముక్క రుద్దుతారు, పిండి చల్లుతారు, పసుపు పూస్తారు. సుద్ద రుద్దితే అక్షరం అంచు అరుగుతుంది, పిండికి బూజు పడుతుంది, పసుపు మరక పోదు. సాయంత్రం పొద్దు వాలాక ఫోన్ టార్చిని రాయి పక్క నుంచి, దాదాపు రాయికి ఆనించినట్టు పట్టుకోండి. చెక్కిన గాట్లలో నీడ పడి అక్షరాలు వాటంతటవే లేస్తాయి. మూడు ఫోటోలు తీయండి: టార్చి వెలుగు ఒకసారి ఎడమ నుంచి, ఒకసారి కుడి నుంచి, ఒకసారి పై నుంచి పడాలి.

కంప తీయడం

మన శ్మశానాలకు మొదటి శత్రువు సర్కారు తుమ్మ. నేలకు సమంగా నరికితే రెండు వానలకు ఒకటి పోయి పది కొమ్మలు లేస్తాయి. మొదలు చుట్టూ తవ్వి, నేలలోపల జానెడు లోతు వరకూ ఉన్న దుంప భాగాన్ని తీసేయాలి, చిగుర్లన్నీ అక్కడి నుంచే వస్తాయి. గునపం, పార, గొడ్డలి, వేటకొడవలి, రంపం, తోలు చేతితొడుగులు, మందపాటి అడుగున్న బూట్లు కావాలి. తుమ్మముల్లు హవాయి చెప్పును సులువుగా దాటుతుంది.

జేసీబీ పిలిస్తే గంటలో అయిపోతుందని ఎవరో ఒకరు అంటారు. వద్దు. ఊరి శ్మశానంలో రాయి లేని సమాధులే ఎక్కువ. మట్టి దిబ్బ కూడా అణగిపోయి, నాలుగు మూలలా పెట్టిన గుండ్లు మాత్రమే మిగిలి ఉంటాయి. బకెట్ ఒక్కసారి లాగితే అవి లేచిపోతాయి, మళ్లీ ఎవరిది ఎక్కడో చెప్పేవాళ్లుండరు. యంత్రం కావాలంటే దారి మీద, ప్రహరీ బయట వాడుకోండి. సమాధికి మూడడుగుల లోపల చేతిపనే. అక్కడ కంప మొదలు ఉంటే తవ్వకుండా, వీలైనంత కిందికి కోసి, చిగురు వచ్చినప్పుడల్లా గిల్లేయండి. ఏడాదికో రెండేళ్లకో అది చచ్చిపోతుంది.

సమాధి సందుల్లో మొలిచే రావి, మర్రి మొక్కలదీ ఇదే పద్ధతి. పట్టుకుని లాగితే వేరుతో పాటు రాయీ వస్తుంది. వేప, చింత లాంటి పెద్ద చెట్లు అడ్డమైతే కొట్టే ముందు వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల రక్షణ చట్టం) కింద అనుమతి తీసుకోండి.

వయ్యారిభామను పూత రాకముందే, వాన పడి నేల మెత్తగా ఉన్నప్పుడు పీకాలి. పూత మీద పీకితే విత్తనాలు మీరే చల్లినట్టవుతుంది, కొందరికి ఒళ్లంతా దద్దుర్లు, ఆయాసం వస్తాయి. నిండు చేతుల చొక్కా, మూతికి గుడ్డ ఉండాలి.

గడ్డికి నిప్పు పెట్టకండి. ఇక్కడి బండ సున్నపురాయి, మంట తగిలితే పొరలు పొరలుగా ఎగిరిపోతుంది. గడ్డిమందు కూడా వద్దు, సాయంత్రానికి మేకలు అక్కడే మేస్తాయి.

పొదల్లో చెయ్యి పెట్టేముందు కర్రతో నేలను బాగా కొట్టండి. రక్తపింజర అలికిడికి పారిపోదు, ఉన్నచోటే చుట్ట చుట్టుకుని ఉంటుంది. పరిచిన బండను ఎత్తేటప్పుడు మీకు అవతలి అంచును గునపంతో లేపండి, కింద తేలు ఉంటే అటు పోతుంది. కాటు పడితే కట్టు బిగించడం, కోయడం, నాటుమందు ఏవీ వద్దు. కరిచిన కాలో చెయ్యో కదలకుండా పెట్టి 108కి ఫోన్ చేసి, విరుగుడు మందు ఉండే ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లండి. పని రోజున దగ్గరి ఆసుపత్రి ఏదో, బండి ఎవరిదో ముందే అనుకుని ఉంచండి.

బండ కడగడం

ఎక్కువ నష్టం ఇక్కడే, అదీ శ్రద్ధగా చేసేవాళ్ల చేతుల్లోనే జరుగుతుంది. కడప బండ, తాడిపత్రి బండ, బేతంచెర్ల బండ మూడూ సున్నపురాయి జాతివే. బాత్రూమ్ యాసిడ్ పోస్తే తెల్లగా నురగ వచ్చి మురికి పోయినట్టు కనిపిస్తుంది. పోయింది మురికి ఒక్కటే కాదు, రాయి పై పొర కూడా. దాంతో అక్షరాల లోతు తగ్గుతుంది, గరుకుతేలిన రాయి వచ్చే ఏడాది ఇంకా త్వరగా నల్లబడుతుంది.

ఏ రాయో అనుమానముంటే సమాధి మీద కాకుండా, కింద పడివున్న విరిగిన ముక్క తీసుకోండి. ఇనుప మేకుతో గీకి పొడి రాల్చి, ఆ పొడి మీద నిమ్మరసం చుక్క వేయండి. సన్నని బుడగలు వస్తే సున్నపురాయి. మేకు గీత పడక, బుడగలూ రాకపోతే గ్రానైటు.

కడిగే ముందు వేలి మెటికతో రాయి అంతా మెల్లగా తట్టి చూడండి. గట్టిగా 'టక్' మంటే సరే. డొల్ల శబ్దం వస్తే అక్కడ లోపల పొర విడిపోయింది, ఆ భాగాన్ని తాకకండి. అంచుల దగ్గర ఇది ఎక్కువ.

తర్వాత వరుస ఇది. పొద్దున్నే, రాయి వేడెక్కకముందు మొదలుపెట్టండి. పొడి బ్రష్‌తో దుమ్ము దులపండి. బాగా తడిపి ఐదు నిమిషాలు నాననివ్వండి. మెత్తటి నైలాన్ బ్రష్‌తో, నిలువు రాయి అయితే కింది నుంచి పైకి, చిన్న చుట్లుగా రుద్దండి. పై నుంచి మొదలుపెడితే మురికి నీళ్లు పొడి రాయి మీద కారి చారలు పడతాయి, కింద ముందే తడిసి ఉంటే జారిపోతాయి. జిడ్డు ఉంటే బకెట్ నీళ్లకు అర చెంచా బేబీ షాంపూ చాలు. పాచి పట్టిన అక్షరాల గాట్లను వెదురు పుల్లతో, పాత టూత్‌బ్రష్‌తో తీయండి. ఇనుప బ్రష్, ఉప్పుకాగితం, గ్రైండర్, బ్లీచింగ్ పౌడర్, కార్లు కడిగే ప్రెషర్ గన్ వద్దు. ఒకసారికి పోని నల్లమచ్చను అలాగే వదిలేయండి. మరుసటి ఏడాది మళ్లీ ప్రయత్నించవచ్చు, అరిగిన రాయిని మాత్రం తిరిగి తేలేరు.

చివరి నీళ్లు మంచినీళ్లే అయి ఉండాలి. అనంతపురం వైపు చాలా బోర్ల నీళ్లు ఉప్పగా ఉంటాయి, ఆరాక రాయి మీద తెల్లపొర మిగులుస్తాయి. ఒక్కో రాయికి రెండు బిందెలు లెక్కేసుకుని ట్యాంకరు గానీ క్యాన్లు గానీ తెప్పించుకోండి.

అక్షరాలకు మళ్లీ రంగు వేయాలంటే రాయి రెండు రోజులు పూర్తిగా ఆరాలి. సున్నా నంబరు కుంచె, ఎనామెల్ పెయింటు, టర్పెంటైన్‌లో తడిపి పిండిన గుడ్డ దగ్గర పెట్టుకోండి. గాటు లోపల నింపి, బయటికి వచ్చినదాన్ని వెంటనే తుడవాలి. గాటు లేని చోట ఊహించి అక్షరం గీయవద్దు.

కుంగినవి, ఒరిగినవి

కోవెలకుంట్ల, జమ్మలమడుగు, తాడిపత్రి వైపు నల్లరేగడి ఎక్కువ. వానకు ఉబ్బి, ఎండకు బీటలిచ్చే నేల అది. దాని మీద సిమెంటుతో గట్టిగా కట్టిన సమాధి ఐదారేళ్లకే మధ్యకు పగులుతుంది. కుంగిన చోట అదే రేగడి తెచ్చి నింపితే మళ్లీ అదే కథ. ఎర్రమట్టి, కంకర కలిపి నాలుగంగుళాల పొరలుగా వేసి, తడిపి, దిమ్మిసతో కొట్టండి. నీళ్లు సమాధి వైపు నిలవకుండా బయటికి వాలు పెట్టండి.

ఒరిగిన నిలువు బండను ఇద్దరు కలిసి లాగేయడం ప్రమాదం. మూడడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండంగుళాల మందం ఉన్న కడప బండ 75 కిలోల పైమాటే. నలుగురు ఉండాలి, కింద తడి గోనెసంచులు పరవాలి. రాయి మొత్తం ఎత్తులో మూడో వంతు నేలలో ఉండేలా గుంత తీసి, అడుగున అరడుగు కంకర వేసి, రాయి నిలిపి చుట్టూ కంకర, ఎర్రమట్టి కూరి కొట్టండి. కాంక్రీటు పోయకండి. రాయి కదలాల్సిన చోట కదలకుండా బిగిస్తే నేలమట్టం దగ్గర విరుగుతుంది.

పాత సమాధులు గారసున్నంతో కట్టినవైతే అతుకులూ సున్నంతోనే వేయండి: ఒక పాలు నానబెట్టిన సున్నం, మూడు పాళ్లు కడిగిన ఇసుక. సిమెంటు పూస్తే లోపలి చెమ్మ బయటికి రాలేక ఉప్పు పొంగి గార రాలిపోతుంది. వారం రోజులు తడి గోనె కప్పి ఉంచండి. ఏప్రిల్, మేలో ఈ పని పెట్టుకోవద్దు, నవంబర్ నుంచి జనవరి మంచి కాలం. వెల్లకు కిలో సున్నానికి ఐదు లీటర్ల నీళ్లు, కాస్త బంక కలిపి గుడ్డలో వడకట్టి, పలచగా రెండు మూడు పూతలు వేయండి. పేరున్న ఫలకాన్ని మాత్రం ముందే కాగితంతో కప్పండి. వెల్ల కింద పూడుకుపోయిన పేర్లు ప్రతి ఊళ్లోనూ ఉంటాయి.

పోలీసు సమాధిని గుర్తించడం, కొత్త ఫలకం

ఎవరి పేరైనా ఫలకం మీదికి ఎక్కించే ముందు మూడు చోట్ల సరిచూడండి: కుటుంబం, పనిచేసిన స్టేషను, జిల్లా పోలీసు కార్యాలయం. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి. నంద్యాలలో పనిచేసినవాళ్ల పాత కాగితాలు కర్నూలులో, పుట్టపర్తి వైపు వాళ్లవి అనంతపురంలో, రాయచోటి వైపు వాళ్లవి కడపలో ఉండే అవకాశం ఉంది. ప్రత్యేక పోలీసు దళంలో పనిచేసినవాళ్లయితే జిల్లా ఎస్పీ కార్యాలయంలో దొరకకపోవచ్చు, వాళ్ల బెటాలియన్‌ను అడగాలి. హోంగార్డులను చాలా జాబితాలు వదిలేస్తాయి, విడిగా అడగండి.

'విధి నిర్వహణలో అమరులైన' అని చెక్కించాలంటే ఆ మాట శాఖ రికార్డులో ఉండాలి. సర్వీసులో ఉండగా జబ్బుతోనో, సెలవులో రోడ్డు ప్రమాదంలోనో పోయినవాళ్ల విషయం వేరు. వాళ్లనూ గౌరవించండి, 'పోలీసు శాఖలో సేవలందిస్తూ మరణించిన' అని రాయండి. ఈ తేడా చూడకపోతే రేపు రెండు కుటుంబాల మధ్య మాటలు పెరుగుతాయి.

ఫలకానికి 20 మిల్లీమీటర్ల గ్రానైటు, అంగుళానికి తగ్గని అక్షరం, రెండు మూడు మిల్లీమీటర్ల లోతు. తెలుగుకు ప్రత్యేకంగా ఒక గండం ఉంది: దుకాణంలో కంప్యూటర్ ఫాంటు మారినప్పుడు ఒత్తులు విడిపోతాయి, రావత్తు పక్క అక్షరానికి అంటుకుంటుంది. చెక్కకముందు అసలు సైజులో కాగితం మీద ప్రింటు తీయించి, ఇంటివాళ్లలో ఒకరు, బయటివాళ్లలో ఒకరు చదివి సంతకం పెట్టాలి. పేరు, హోదా, స్టేషను, పుట్టిన తేదీ, మరణించిన తేదీ, చోటు చాలు. దాత పేరు, నాయకుడి పేరు, కుటుంబం చిరునామా అక్కర్లేదు. స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టులే వాడండి. ఇనుప మేకు తుప్పుపట్టి ఉబ్బి రాయిని చీలుస్తుంది.

అక్టోబర్ 21

1959లో ఆ రోజున లడఖ్‌లోని హాట్ స్ప్రింగ్స్ దగ్గర చైనా సైనికుల కాల్పుల్లో పదిమంది సీఆర్పీఎఫ్ జవాన్లు చనిపోయారు. అప్పటి నుంచి అది పోలీసు అమరవీరుల సంస్మరణ దినం. ఢిల్లీ చాణక్యపురిలో జాతీయ పోలీసు స్మారకాన్ని ప్రారంభించింది కూడా 2018లో అదే తేదీన. జిల్లా కేంద్రంలో పోలీసు పరేడ్ మైదానంలోని స్తూపం దగ్గర పొద్దున స్మృతి పరేడ్ జరుగుతుంది, ఆ ఏడాది అమరుల పేర్లు చదువుతారు. కుటుంబంవాళ్లు అక్కడికి వెళ్తారు కాబట్టి సమాధి దగ్గర మీ కార్యక్రమాన్ని ముందు రోజు సాయంత్రమో, ఆ రోజు పరేడ్ అయ్యాకో పెట్టుకోండి. వేళను రిజర్వ్ ఇన్‌స్పెక్టర్ దగ్గర ఖాయం చేసుకుని, మూడు వారాల ముందే ఎస్పీకి ఉత్తరం ఇవ్వండి.

సొంత తేదీలు కూడా గుర్తుంచుకోండి. కడప ఎస్పీగా పనిచేసిన ఉమేశ్ చంద్రను హైదరాబాద్‌లో నక్సలైట్లు కాల్చింది 1999 సెప్టెంబర్ 4న. అమరుడు ఏ రోజు పోయాడో ఆ రోజే కుటుంబానికి పెద్దది. రిజిస్టరులో ఆ తేదీలను నెలవారీగా వేరే పేజీలో రాసుకుంటే ఏ ఒక్కటీ తప్పిపోదు.

తుపాకీ వందనం, బిగిల్ శాఖ చేసే పని. పిల్లల చేతికి చెక్క తుపాకులిచ్చి దాన్ని అనుకరించకండి. రెండు నిమిషాల మౌనం, పేరు, హోదా చదవడం చాలు. జాతీయ జెండాను సమాధి మీద పరచడం, దాని మీద అక్షరాలు రాయడం తప్పు. అధికార లాంఛనాల్లో పార్థివ దేహంపై కప్పే జెండానైనా పూడ్చే ముందు, కాల్చే ముందు తీసేయాలన్నది నియమం. ప్లాస్టిక్ జెండాలు గుచ్చవద్దు.

ఇంటివాళ్లు పూజ చేస్తారు, చేయనివ్వండి, రాయిని మాత్రం కాపాడండి. పసుపు కుంకుమ తమలపాకు మీద పెట్టించండి. ప్రమిదను ఇసుక పోసిన స్టీలు పళ్లెంలో ఉంచండి, కడప బండ నూనె పీల్చుకుంటే ఆ మచ్చ ఏళ్ల తరబడి ఉంటుంది. కొబ్బరికాయను పక్కన వేరే గుండు మీద కొట్టండి. కొవ్వొత్తి మైనం కారితే గీకకుండా మంచుముక్క పెట్టి గట్టిపడ్డాక చెక్కతో లేపండి. థర్మోకోల్, ప్లాస్టిక్ దండలు తేవద్దు. పూలదండల్ని మూడో రోజు ఎవరు తీస్తారో ముందే పేరు రాయండి, దండ లోపలి ఇనుప తీగ తడిసి తుప్పు మచ్చ పెడుతుంది.

నెలలవారీగా

జూన్‌లో మొదటి వానకు ముందు కాలువలు, వాలు చూడండి. ఆగస్టులో వయ్యారిభామ, కంప చిగుర్లు. మహాలయ అమావాస్యకు పెద్దలకు పెట్టుకునేవాళ్లు వస్తారు, దారి దానికి ముందే బాగుచేయండి. అక్టోబర్ మొదటి వారం బండలు కడగడం. నవంబర్ 2న కేథలిక్కులు సమాధుల దగ్గరికి వస్తారు, షబే బరాత్‌కు ఖబరస్తాన్‌లో రద్దీ ఉంటుంది. షబే బరాత్ తేదీ చంద్రమానం ప్రకారం ఏటా కొన్ని రోజులు ముందే వస్తుంది, ముతవల్లిని అడిగి వారం ముందు పని ముగించండి. ఖబరస్తాన్‌లో సమాధుల మీదుగా నడవకండి, మట్టి సమాధిని పక్కాగా కడతామని మీ అంతట మీరు అనకండి.

చెట్లు పెట్టాలనుకుంటే గన్నేరు, నూరువరహాలు. గన్నేరును మేకలు ముట్టవు. సమాధికి పదడుగుల దూరం ఇవ్వండి, వేపకైతే ఇరవై. కంచెగా కిత్తనార నాటితే ముళ్లతీగ ఖర్చు తప్పుతుంది, మొదటి రెండు ఎండాకాలాలు మాత్రం వారానికోసారి నీళ్లు పోయాలి. రిజిస్టరుకు ఒక జిరాక్సు పంచాయతీ ఆఫీసులో, ఒకటి ముతవల్లి లేదా పాస్టరు దగ్గర ఉంచండి. గేటు తాళంచెవి ఇద్దరి దగ్గర ఉండాలి, ఆ ఇద్దరూ ఒకే ఇంటివాళ్లు కాకూడదు.